బిడ్డలకు కథ చదివి వినిపించుట



పసివారికి కథలు చదివి వినిపింపుడని ఈ ప్రసంగములలో పలుమార్లు మనవి చేసియున్నాము. "ఏ కథ చదువవలెను? ఎట్లు చదువవలెను?" అని పలువురు అడుగుచున్నారు. అందుకు మా ఇంట జరిగిన పొరపాటునే ముందుగా చెప్పెదము.

పంచతంత్రములో ఐదవదైన అపరీక్షితకారకమున ముంగిస కథ గలదు. పసిబిడ్డను పాము బారినుండి కాపాడిన ముంగిస, నోట నెత్తురుతో తల్లికి ఎదురు వచ్చును. బిడ్డను చంపినదని భ్రమించి ఆమె నీళ్లకుండతో దానిని కొట్టి చంపును. ఐదేండ్ల మనుమరాలికి ఇది చదువుచు, ఏడ్చునేమో యని, ముంగిస బ్రతికినదని మేము ముగింపు మార్చితిమి. పిల్ల హాయిగా నిద్రపోయినది. కొన్నాళ్లకు అమ్మమ్మగారి ఇంట అసలు కథ విన్నది. తిరిగి వచ్చి, "తాతయ్యా, నువ్వు అబద్ధం చెప్పావు కదూ?" అన్నది. పిమ్మట చాలా రోజులు, మేమేది చదివినను పుస్తకముపై వేలుపెట్టి, "ఇక్కడ నిజంగా ఇలాగే ఉందా?" అని అడిగెడిది.

కనుక జాగ్రత్తయంతయు ఎన్నుకొనుటయందే ఉండవలెను. ఎన్నుకొనిన పిమ్మట మార్చరాదు. బిడ్డకు ఇంకను వయస్సు చాలదని తోచినచో ఒక ఏడు ఆగవచ్చును. ఆ పంచతంత్రముననే, సింహమునకు బావిలో దాని నీడనే చూపిన కుందేలు కథ గలదు. దానికి మూడేండ్లవారు సైతము చప్పట్లు కొట్టుదురు. (సింహము చచ్చును గదా యందురేమో. చిన్నది గెలిచిన కథకు పిల్లలు బెదరగా మేము చూడలేదు.)

ముందు మీరొక్కరే కథను పూర్తిగా చదువుకొనుడు. మీకే విసుగు పుట్టినచో దానిని విడిచిపెట్టుడు. భాషయు చూడవలెను. 1853 నాటి చిన్నయసూరి నీతిచంద్రిక గొప్ప గ్రంథమే. కాని ఆ సమాసములు పసివారికి శిక్ష. ఆ కథలను ఇంటిమాటలలో చెప్పి, గ్రంథమును పెద్దయిన పిమ్మట చేతికీయవలెను. 1947లో మొదలై, నేడు ఆగిపోయిన చందమామ పాత సంచికలు మీ అటుకమీద ఉన్నచో పారవేయకుడు. వాటి వాక్యములు నోటికి సులువు.

చదువునపుడు తొందర వలదు. పాము ప్రాకి వచ్చుచోట గొంతు తగ్గించి ఒక క్షణము ఆగవలెను. బిడ్డ నడుమ ప్రశ్న వేసినచో పుస్తకము మూసియైనను బదులు చెప్పవలెను. కథ ముగియగానే "దీనివలన ఏమి తెలిసినది?" అని పరీక్ష పెట్టుట మాత్రము మానుడు.

ఎనిమిదేండ్లు నిండిన ఆ మనుమరాలే మొన్న తన ఆరేండ్ల తమ్మునికి ముంగిస కథ చదివినది. చివర ఆగి మావైపు చూచినది. మేము మాట్లాడలేదు. ఉన్నది ఉన్నట్లే చదివినది. వాడు ఏడ్చినాడు. మరునాటి రాత్రి మరల అదే కథ కావలెనన్నాడు.