పరదేశమున నాంగ్లోపాధ్యాయులు

స్వదేశమును విడిచి, జీత మాశింపక, పరదేశముల నాంగ్లభాష బోధింపఁబోవు యువతీయువకులు నేఁడు పలువురు గలరు. వారి పని యెట్టిదో మన విద్యార్థు లెఱుంగఁదగును. ఘానా దేశమును దృష్టాంతముగాఁ గైకొందము.

ఆఫ్రికా ఖండములోని యా దేశము 1957లో స్వతంత్రమయ్యెను. అచ్చట ననేకభాషలు గలవు. ఉన్నతపాఠశాలలలో బోధన మాత్ర మాంగ్లముననే. 1961లోఁ జేసిన విద్యాచట్టముచేఁ బ్రాథమికవిద్య ఉచితమును నిర్బంధమును అయ్యెను, ఉపాధ్యాయులు చాలరైరి. ఆ యేఁటనే మార్చి 1వ తేదీని అమెరికా అధ్యక్షుఁడు కెనెడీ ‘పీస్ కోర్’ అను సేవాదళమును స్థాపించెను. ఆగస్టు 30వ తేదీని ఏఁబదిమందికి మించిన యుపాధ్యాయులు అక్రా నగరమున విమానము దిగి, ట్వీ భాషలో నొక పాట పాడిరి. బోధింప వచ్చినవారు ముందుగాఁ దామే యొక పాఠము నేర్చి వచ్చుట నాకు మిక్కిలి యొప్పిదముగాఁ దోఁచుచున్నది.

ఈ దళమువారి కొలువు సామాన్యముగా రెండేండ్లు. గ్రాసవాసములకుఁ జాలిన భత్యము మాత్ర మిత్తురు. మతబోధ నిషిద్ధము. 1843లో మచిలీపట్టణమున నాంగ్లపాఠశాలను దెఱచిన రాబర్టు నోబిల్ దొరగారు 1865లోఁ జనిపోవువఱకు నచ్చటనే యుండిరి. రెండేండ్లవారికి అంతటి వ్యవధి యెక్కడిది? చిక్కంతయు నిందే యున్నది.

ఏలయన, బడి విడిచినపిదప ఊరికొఱకును వారేదేని పని చేయవలెను: గ్రంథాలయమో, బడితోఁటయో, బాలికల యాటజట్టో. ఉత్సాహవంతుఁడు వచ్చిన నెలలోనే స్వదేశమునుండి పెట్టెలకొలఁది పుస్తకములు తెప్పింపఁగలఁడు. కాని బీరువా తాళపుచెవి యెవరియొద్ద నుండును? చెదలు పట్టకుండఁ జూచువారెవ్వరు? మంచు కురియు దేశపుఁ గథలు ఎండదేశపు బాలురకు రుచించునా? ఈ ప్రశ్నలు పుస్తకములు వచ్చినపిదప నడుగుటకంటె ముందడుగుట మేలు.

అందులకే మొదటి నెలలలో నేపనియుఁ దలపెట్టక ఊరివారి మాట వినుఁడని దళమువారు బోధింతురు. దీనికొక చక్కని యుపాయము గలదు. పురుషులచే నొకటియు, స్త్రీలచే వేఱొకటియు ఊరిపటములు గీయింతురు. పురుషులు తలఁపనైనఁ దలఁపని నీటిరేవు స్త్రీల పటమున మొదటనే కానవచ్చుటయుఁ గలదు. పిమ్మట నేపని ముందో వారిచేతనే నిర్ణయింపఁజేయుదురు. ద్రవ్యసహాయము కోరునపుడు, వ్యయములో నాల్గవవంతు ఊరివారే ధనముగనో శ్రమగనో భరింపవలెనను నియమముఁ బెట్టిరి. బీదయూరిని నాల్గవవంతడుగుట కఠినమని కొందఱందురు. తాను ఇటుక మోసిన గోడను ఊరు కూలనీయదు గనుక నియమము మంచిదే యని నా యభిప్రాయము.

2020 మార్చిలో మహమ్మారి వ్యాపింపఁగా, లోకమంతట నున్న తమవారిని, ఇంచుమించు ఏడువేలమందిని, దళమువా రొక్కుమ్మడి వెనుకకుఁ బిలిచికొనిరి. పలువురకు శిష్యులయొద్ద సెలవు పుచ్చుకొనుటకైనను వ్యవధి లేకపోయెను. తాళపుచెవి ఊరి యుపాధ్యాయునిచేత నున్న చోట, బడులు మరలఁ దెఱచిననాఁడు బీరువా తెఱచుటకు ఎవ్వరి రాకకును వేచియుండ నక్కఱలేదు.