పేరు పిలిచే ముందు

నెలాఖరున జీతాల లెక్కలు నడిచే రాత్రి కంప్యూటర్ విభాగంలో ఎవరికీ కునుకు పట్టదు. అటువంటి ఒక రాత్రి మా సర్వరులో ‘పే’ అనే చిన్న నివేదిక ప్రోగ్రాము మధ్యలో మొరాయించింది. దానిని ఆపడానికి మేము తొందరపడి ‘పీకిల్ పే’ అని ఆదేశమిచ్చాము. నివేదిక ఆగింది, దానితోపాటు, సాయంత్రం నుండి నడుస్తున్న ‘పేరోల్’ కూడా ఆగింది! తెల్లవార్లూ కూర్చొని లెక్కలన్నీ మళ్ళీ మొదలుపెట్టవలసి వచ్చింది.

ఎందుకిలా జరిగింది? నడుస్తున్న ప్రోగ్రామును యూనిక్స్ పరిభాషలో ‘ప్రాసెస్’ అంటారు. మనకు సిబ్బంది సంఖ్య ఉన్నట్లే ప్రతి ప్రాసెస్‌కూ ఒక సంఖ్య ఉంటుంది. పూర్వం ‘పీఎస్’ ఆదేశంతో జాబితా తెప్పించి, అందులో సంఖ్యను వెదికి, ‘కిల్’ ఆదేశానికి అందించేవారు. 1998లో సొలారిస్ 7తో ‘పీగ్రెప్’, ‘పీకిల్’ వచ్చాయి; తరువాత లైనక్స్‌లోనూ చేరాయి. మొదటిది పేరునుబట్టి సంఖ్యను చూపుతుంది, రెండవది ఆపుతుంది.

అయితే ఇవి పేరులోని భాగం కలిసినా సరిపోయిందనే భావిస్తాయి. కాలనీలో నిలబడి ‘లక్ష్మీ!’ అని పిలిస్తే విజయలక్ష్మి, వరలక్ష్మి కూడా పలకడం వంటిదే ఇది.

కనుక ముందుగా ‘పీగ్రెప్ -ఎల్’ అని పేర్లు, సంఖ్యలు చూడాలి. ‘-ఎక్స్’ చేర్చితే పూర్తి పేరు కలిసినవే వస్తాయి. ‘-యు’ చేర్చితే ఒక్క వినియోగదారునివే వస్తాయి. లైనక్స్ పేరులో 15 అక్షరాలే గుర్తుంచుకుంటుంది. పొడవైన పేర్లకు ‘-ఎఫ్’తో పూర్తి ఆదేశ వాక్యాన్ని వెదకాలి. జాబితా సరిగా ఉన్నదని తేలాకనే అవే గుర్తులతో ‘పీకిల్’ వాడాలి.

‘పీకిల్’ మామూలుగా పంపేది 15వ సంకేతం. ఫైళ్ళు మూసి, పని సర్దుకొని వెళ్ళేందుకు అది ప్రోగ్రాముకు అవకాశమిస్తుంది. 9వ సంకేతం ఆ అవకాశమివ్వదు. అది చివరి అస్త్రం కావాలి. మరొక హెచ్చరిక: లైనక్స్‌లో ‘కిల్ఆల్’ పేరుగలవాటినే ఆపుతుంది, సొలారిస్‌లో అదే మాట నడుస్తున్న ప్రాసెస్‌లన్నింటినీ ముగించేందుకు ఉద్దేశించినది.

ఆ రాత్రి మేము నేర్చిన పాఠం చిన్నదే. ఆపమనడానికి క్షణం చాలు. ఎవరిని ఆపుతున్నామో చూసుకోవడానికి మరొక్క క్షణం చాలు. ఆ రెండవ క్షణం వెనుక ఎన్నో ఇళ్ళ ఒకటవ తారీఖు ఉంటుంది.