ఇచ్చిన చేయూత మధ్యలో ఆగకుండా

రంజాన్‌లో జకాత్, సదఖా పైకం మా చేతికిస్తూ దాతలు తరచూ అడుగుతుంటారు: ‘పరీక్ష తప్పిన పిల్లాడికి మళ్లీ ఎందుకిస్తున్నారు?’ న్యాయమైన ప్రశ్న. మీ సొమ్ము మా దగ్గర అమానత్. జవాబు చెప్పాల్సింది మేమే.

ముందు ప్రభుత్వ సాయం సంగతి చూద్దాం. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ మీదే పీర్జాదిగూడ, ఉప్పల్, నాచారం బస్తీల్లో ఎందరో పిల్లల చదువు నడుస్తోంది. పట్టణాల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 2 లక్షల రూపాయలు మించని మైనారిటీ విద్యార్థులు ఈ-పాస్‌లో దరఖాస్తు చేసుకుంటారు. ఒకసారి మంజూరైతే కోర్సు ముగిసేదాకా వస్తుందని తల్లిదండ్రులు అనుకుంటారు. నిజానికి ఏటా రెన్యువల్ చేయించాలి. అందుకు 75 శాతం హాజరుండాలి, పై ఏడాదికి ప్రమోట్ కావాలి.

బ్యాక్‌లాగ్ వేరు, డిటెన్షన్ వేరు. జేఎన్‌టీయూ హైదరాబాద్ పరిధిలో బీటెక్ చదివే విద్యార్థికి ఒకటి రెండు సబ్జెక్టులు పోయినా, కావలసిన క్రెడిట్లుంటే పై ఏడాదికి వెళ్తాడు. పోయినవి సప్లిమెంటరీలో రాసుకుంటాడు. హాజరు 75 శాతానికి తగ్గితేనే చిక్కు. 65 దాకా ఉంటే అనారోగ్యం వంటి కారణం చూపి, రుసుము కట్టి మినహాయింపు కోరవచ్చు. అంతకూ తగ్గితే డిటెయిన్ చేస్తారు. మళ్లీ చదివే కాలానికి ప్రభుత్వ సాయం రాదు. ఫీజు భారం ఇంటి మీద పడుతుంది, చదువు అక్కడే ఆగిపోతుంది.

హాజరు తగ్గిన ప్రతివాడూ సోమరి కాడు. తండ్రి మంచాన పడితే ఆటో కొడుకు నడపాలి. నాచారం కంపెనీలో నైట్ డ్యూటీ చేసినవాడు పొద్దున కాలేజీ బస్సు అందుకోలేడు. తల్లి ఆస్పత్రిలో ఉంటే ఇంటిపని కూతురి మీద పడుతుంది.

అందుకే మేము ఫలితాల దాకా ఆగం. మొదటి మిడ్ పరీక్షలప్పుడే హాజరు వివరాలు, మార్కులు తెమ్మంటాం. హాజరు తగ్గితే ఇంటికెళ్లి కారణం కనుక్కుంటాం. ఇబ్బంది డబ్బుదైతే ఆ కొన్ని నెలలు బస్ పాస్‌కు, ఇంటి ఖర్చుకు సాయపడతాం. ఏడాది ఫీజు మొత్తం భరించడం కన్నా అది తేలిక. బ్యాక్‌లాగ్ ఉన్నవారికి సప్లిమెంటరీ దాకా గడువిస్తాం. కారణం లేకుండా కాలేజీ మానేసి తిరిగేవారికి మాత్రం ఆపేస్తాం. ఆ వంతు కోసం మరో పేద బిడ్డ ఎదురుచూస్తుంటుంది.

దాతలకు మా మనవి ఒక్కటే. మీ గల్లీలో చదువుకునే పిల్లలను మార్కులతో పాటు హాజరు ఎంతుందో కూడా అడగండి. తగ్గిందని తెలిస్తే వెంటనే మాకు కబురు చేయండి. అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక. ఆమీన్.