పేరు పట్టాలిగా!

అరకులోయ కాఫీ తోటల వివరాలన్నీ ఊరికో ఫైలు చొప్పున, తెలుగు పేర్లతో దాచాలనుకుందాం. పేరులో ముందుగా జిల్లా రాయాలిగా! 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లా పేరొక్కటే, ఖాళీలతో కలిపి 74 బైట్లు తినేస్తుంది.

లినక్స్‌లో ఎక్కువగా వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌లో ఒక్కో పేరుకు దక్కే చోటు 255 బైట్లే. ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు చాలు, మన అక్షరానికి మూడు కావాలి. గుణింతాలూ వత్తులూ మళ్లీ విడిగా లెక్క. అందుకే 'అరకు'కు 12 బైట్లయితే 'స్త్రీ'కి ఏకంగా 18!

విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో లెక్క వేరు. అక్కడ 100 తెలుగు గుర్తుల పేరు హాయిగా ఇముడుతుంది. అదే ఫైలును ఈఎక్స్‌టీ4 డిస్కులోకి కాపీ చేయబోతే పేరు పట్టదు.

మరి ప్రోగ్రాం ఏం చేయాలి? ముందే అడగాలి! యునిక్స్ తరహా సిస్టమ్‌ల కోసం 1988లో వచ్చిన పోసిక్స్ ప్రమాణంలో 'పాత్‌కాన్ఫ్' ఉన్నది అందుకే. ఫలానా ఫోల్డరులో పేరు ఎంత పొడవుండొచ్చో అది చెబుతుంది. హార్డ్‌డిస్కుకు ఒక జవాబు, పెన్‌డ్రైవ్‌కు మరో జవాబు రావచ్చు.

అడక్కుండా పేరు తోక కత్తిరిస్తే? మొదలు ఒకేలా ఉన్న రెండు ఊళ్ల ఫైళ్లకు ఒకే పేరు పడుతుంది. ఒకదాని మీద మరొకటి ఎక్కిందా... ఓ ఊరి లెక్కలన్నీ మాయం!