అమ్మమ్మకు వచ్చింది, మనకూ వస్తుందా?

డెబ్బై దాటిన తల్లి స్టవ్ ఆపడం రెండుసార్లు మరిచిపోతే చాలు, బెంగళూరు అపార్ట్‌మెంటులో లెక్క మొదలవుతుంది: అమ్మమ్మకూ చివర్లో ఇలాగే అయింది, ఇప్పుడు అమ్మ, ఆ తర్వాత నేనే. పొలం వాటాలు ఇరవై ఏళ్లయినా తేల్చుకోని కుటుంబాలు జబ్బుల వాటాలు మాత్రం ఒక్క సాయంత్రంలో తేల్చేసుకుంటాయి.

ఆ లెక్కలో మొదటి లోపం వయసు. మన దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా, అంటే మతి తప్పే జబ్బు ఉందని 2023లో వెలువడిన జాతీయ స్థాయి అంచనా. వయసు పెరిగేకొద్దీ ఆ శాతమూ పెరుగుతుంది. కాబట్టి ఎనభై దాటిన ఇద్దరు ఒకే ఇంట్లో జబ్బుపడితే అందులో వంశం పాత్ర ఉండవచ్చు, ఇద్దరూ దీర్ఘాయుష్కులు కావడమే కారణమూ కావచ్చు. 'నాన్నవైపు ఎవరికీ లేదు' అని గర్వంగా చెప్పేవారు ఆ వైపు తాతలు ఎన్నో ఏట పోయారో కూడా చెబితే బాగుంటుంది.

తరం నుంచి తరానికి కచ్చితంగా దిగే రకం లేకపోలేదు. ఏపీపీ, ప్రిసెనిలిన్-1, ప్రిసెనిలిన్-2 అనే మూడు జన్యువుల్లో కొన్ని మార్పులు డిమెన్షియాలో ఒక రకమైన అల్జీమర్స్‌ను దాదాపు తప్పనిసరి చేస్తాయి. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. జబ్బు ముప్పై, నలభై, యాభైల్లోనే మొదలవుతుంది. అల్జీమర్స్ కేసుల్లో ఇవి ఒక శాతం లోపే. కొలంబియాలో ఇలాంటి ఒక పెద్ద వంశాన్ని వైద్యులు దశాబ్దాలుగా గమనిస్తున్నారు. అక్కడ మతిమరుపు నలభైల్లోనే వస్తుంది. అదే మార్పు ఉన్న ఒకావిడకు మాత్రం డెబ్బైలు వచ్చేదాకా రాలేదు. ఆమెకు ఏపీఓఈ అనే వేరే జన్యువులో ఉన్న అరుదైన మార్పు అడ్డుపడిందని 2019లో పరిశోధకులు ప్రకటించారు. తప్పనిసరి అన్నచోటా మినహాయింపు దొరికిందన్నమాట.

ఈ ఏపీఓఈయే మిగిలిన మనందరి సంగతి. దీనికి మూడు రూపాలు: ఈ-2, ఈ-3, ఈ-4. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి. ఐరోపా సంతతివారి లెక్కల్లో ఒక ఈ-4 ఉంటే అల్జీమర్స్ ముప్పు రెండు మూడు రెట్లు, రెండుంటే 8 నుంచి 12 రెట్లు. అయినా రెండూ ఉండి తొంభై ఏళ్లకూ చీటీపాట లెక్కలు పైసాతో సహా చెప్పేవారు ఉంటారు, ఒక్కటీ లేకుండా జబ్బుపడేవారూ ఉంటారు. హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో జరిగిన అధ్యయనంలో ఈ-4 అమెరికన్లకన్నా తక్కువగా కనిపించింది, అల్జీమర్స్ కూడా తక్కువే. అయితే ఆ రెంటికీ ఉన్న సంబంధం అక్కడా నిలిచింది.

మనవాళ్లు అడక్కుండా ఊరుకోని ప్రశ్న మేనరికం. పైన చెప్పిన మూడు జన్యువుల విషయంలో దాని పాత్ర పెద్దగా లేదు, ఒక్క నకలు చాలు కాబట్టి. ఈ-4 దగ్గర లెక్క వేరు. వంశంలో ఈ-4 ఉంటే మేనబావా మరదళ్ల బిడ్డకు రెండు నకళ్లూ చేరే అవకాశం కొంత పెరుగుతుంది. జాతకాల్లో ఇది చూడరు.

విదేశీ లెక్కలు మనకు ఎంతవరకు సరిపోతాయో తేల్చే పని బెంగళూరుకు దగ్గర్లోనే నడుస్తోంది. భారతీయ విజ్ఞాన సంస్థ ఆవరణలోని మెదడు పరిశోధన కేంద్రం కోలారు జిల్లా శ్రీనివాసపుర తాలూకా పల్లెల్లో, నలభై అయిదు దాటిన పదివేల మందిని ఏళ్ల తరబడి పరీక్షించాలని పూనుకుంది. జ్ఞాపకశక్తి, రక్తం, జన్యువులు, మెదడు స్కాన్లు అన్నీ చూస్తారు. మామిడికి పేరున్న ఆ సీమలో తెలుగు మాట్లాడే ఇళ్లు ఎన్నో. అంటే ఈసారి లెక్కల్లో మనమూ ఉన్నాం.

జన్యువులతో పాటు కుటుంబాల్లో దిగేవి ఇంకా ఉన్నాయి: బీపీ, షుగర్, ఊరగాయలోని ఉప్పు, చెవుడు వచ్చినా మిషన్ పెట్టుకోని పంతం. డిమెన్షియాకు 2024లో లాన్సెట్ వైద్య పత్రిక కమిషన్ లెక్కగట్టిన 14 కారణాల్లో బీపీ, షుగర్, వినికిడి లోపం ఉన్నాయి. ఆ పద్నాలుగూ సరిచేయగలిగితే ప్రపంచంలో 45 శాతం కేసులను ఆపడమో వాయిదా వేయడమో సాధ్యమని దాని అంచనా.

హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో నాడీవైద్యురాలు సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో మరో మాట చెప్పింది. రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది, చదువురాని వారిలో కూడా. ఆమె తర్వాత బెంగళూరు నిమ్హాన్స్‌కు వచ్చారు. ఇంట్లో తెలుగు, ఆటోవాలాతో కన్నడం, ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడే ఊరికి తగిన పరిశోధనే.

కాబట్టి ఇంట్లో పెద్దల్ని అడగాల్సింది జబ్బు ఎవరికి వచ్చిందని మాత్రమే కాదు, ఎన్నో ఏట మొదలైందని కూడా. 78 అంటే ముందు బీపీ, షుగర్ చూపించుకోండి. మరుపు కనిపిస్తుంటే బీ12, థైరాయిడ్ కూడా చూపించాలి, అవి తక్కువైనా మతి మందగిస్తుంది, మందులకు లొంగుతుంది. 48 అని, అదీ ఇద్దరు ముగ్గురికి అని తెలిస్తే జన్యు సలహా ఇచ్చే నిపుణుల దగ్గరికి వెళ్లాలి. రక్తం ఇవ్వడానికి ముందే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కూర్చుని మాట్లాడుకోవాలి. పరీక్ష చేయించుకునేది ఒక్కరే అయినా, ఆ రిపోర్టు అడగని తోబుట్టువుల గురించి కూడా సగం చెప్పేస్తుంది.