వరిచేనులో శిలీంధ్రాలు: గాలిబాట, నీటిబాట

ప్రకాశం బ్యారేజీ నుంచి కాలువలకు నీళ్లు వదిలారంటే కృష్ణా డెల్టాలో సుమారు 13 లక్షల ఎకరాలకు ప్రాణం లేచొస్తుంది. ఆ తడికి నారుమడితోపాటు మేల్కొనే మరో జీవకోటి ఉంది. తడిసిన గడ్డివాములో తెల్లబూజు, చెదపుట్ట మీద గొడుగు, వరి ఆకు మీద గోధుమరంగు మచ్చ... ఇవన్నీ శిలీంధ్రాల పనే. వీటిలో మనకు అన్నం పెట్టేవీ ఉన్నాయి, అన్నం లాగేసుకునేవీ ఉన్నాయి. ఏది ఎలా పుడుతుందో, ఏ దారిన వస్తుందో తెలిస్తేనే దాన్ని ఎక్కడ ఆపాలో తెలుస్తుంది.

మొక్క కాదు, జంతువూ కాదు

చాలాకాలం శిలీంధ్రాలను మొక్కల్లో కలిపే చదువుకున్నారు. 1969లో అమెరికా జీవశాస్త్రవేత్త విట్టేకర్ ప్రతిపాదించిన అయిదు రాజ్యాల వర్గీకరణలో వాటికి ప్రత్యేక రాజ్యం దక్కింది. వాటిలో పత్రహరితం ఉండదు కనుక సొంతంగా ఆహారం తయారుచేసుకోలేవు. మొక్కల కణకవచంలో సెల్యులోజ్ ఉంటే వీటి కణకవచంలో కైటిన్ ఉంటుంది. రొయ్య పెంకులో ఉండేదీ ఈ కైటినే. ఆహారాన్ని జంతువుల్లాగే గ్లైకోజన్ రూపంలో దాచుకుంటాయి. జన్యువులను పోల్చి చూసినా ఇవి మొక్కలకంటే జంతువులకే దగ్గరి చుట్టాలని తేలింది.

శిలీంధ్రానికి నోరు లేదు, పొట్ట లేదు. ఎంజైములను బయటికి వదిలి, ఆహారాన్ని బయటే కరిగించి, ఆ రసాన్ని పీల్చుకుంటుంది. దాని శరీరమంతా కంటికి ఆనని సన్నని పోగులు. ఒక్కో పోగును హైఫా అనీ, వాటి అల్లికను మైసీలియం అనీ అంటారు. మనకు కనిపించే పుట్టగొడుగు ఆ అల్లిక నుంచి పైకి వచ్చిన భాగమే. అసలు ఒళ్లు మట్టిలోనో, గడ్డిలోనో ఉంటుంది.

గాలిలో వచ్చే అగ్గితెగులు

శిలీంధ్రాలు ఎక్కువగా సిద్ధబీజాల ద్వారా పుడతాయి. ఆడ మగ కలయిక అక్కర్లేకుండా పోగుల కొసల్లో పుట్టే సిద్ధబీజాలను కొనిడియాలంటారు. వరిలో అగ్గితెగులు తెచ్చే మాగ్నపోర్తే ఒరైజేకు ఇవే ఆయుధాలు. ఆకు మీద నూలుకండె ఆకారపు మచ్చ, దాని మధ్య బూడిదరంగు కనిపిస్తే అక్కడ కొనిడియాలు తయారవుతున్నట్లే. ఒక్క మచ్చ నుంచి రాత్రికి వేలల్లో పుట్టి గాలికి లేచిపోతాయి.

వాటిలో ఒకటి మంచుతో తడిసిన ఆకు మీద వాలిందనుకోండి. కొన్ని గంటల్లో మొలకెత్తి, కొసన గోపురంలాంటి చిన్న కణాన్ని కట్టుకుంటుంది. మెలనిన్ పూత ఉన్న ఆ కణంలో ఒత్తిడి 80 వాతావరణాల దాకా పెరుగుతుంది. కారు టైరులోని గాలి ఒత్తిడికి ఇది ముప్పై రెట్లకు పైమాటే. ఆ బలంతో ఆకు పైపొరను పొడిచి లోపలికి దిగుతుంది. ఈ తెగులుకు వాడుతూ వచ్చిన ట్రైసైక్లజోల్ చేసే పని ఆ మెలనిన్ పూతను అడ్డుకోవడమే. పూత లేకపోతే ఒత్తిడి నిలవదు. అందుకే ఈ మందు శిలీంధ్రం ఆకులోకి దిగక ముందు పనిచేసినంతగా తరవాత పనిచేయదు.

చల్లని రాత్రులు, మబ్బు పట్టిన పగళ్లు, మంచు, మోతాదు మించిన యూరియా ఈ తెగులుకు బాగా కలిసొస్తాయి. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, అన్నానికి ఎంత పేరు తెచ్చుకుందో అగ్గితెగులుకు అంత తేలిగ్గా లొంగుతుంది. వెన్ను మెడ దగ్గర సోకితే మెడవిరుపు వచ్చి గింజ తాలుపోతుంది.

నీటిలో తేలే పాముపొడ

పాముపొడ తెగులు తెచ్చే రైజోక్టోనియా సొలానీ దారి వేరు. దీనికి కొనిడియాలే ఉండవు. పోగులు గట్టిగా చుట్టుకుని గోధుమరంగు గింజలవుతాయి. వాటిని స్క్లెరోషియాలంటారు. తెగులు ముదిరిన దుబ్బును విడదీసి చూస్తే ఆకు తొడిమ మీద ఇవి ఆవగింజ పరిమాణంలో అంటుకుని ఉంటాయి, వేలితో గీకితే రాలిపోతాయి. కోత తరవాత మట్టిలో నిద్రపోయి, మళ్లీ దమ్ము చేసి నీళ్లు పెట్టగానే పైకి తేలి, పిలకకు తగిలిన చోట మొలకెత్తుతాయి. అందుకే పాముపొడ మచ్చలు ఎప్పుడూ నీటిమట్టం దగ్గరే మొదలై పైకి పాకుతాయి.

డెల్టాలో ఒక మడి నుంచి మరో మడికి నీరు పారించుకోవడం అలవాటు. ఆ నీటితోపాటే స్క్లెరోషియాలూ పొరుగు చేనుకు చేరతాయి. గట్ల మీది గడ్డిలోనూ ఈ శిలీంధ్రం బతుకుతుంది. కాబట్టి గట్లు శుభ్రం చేయడం, దుబ్బులు మరీ దగ్గరగా లేకుండా చూడటం, మందు కొడితే ఆకుల మీద కాకుండా దుబ్బు మొదళ్లు తడిసేలా కొట్టడం అవసరం.

గడ్డి మీద గొడుగు

అదే వరిగడ్డి మీద మేలు చేసే శిలీంధ్రాన్నీ పెంచవచ్చు. వరిగడ్డి పుట్టగొడుగు, అంటే వాల్వేరియెల్లా వాల్వేసియా, 30 నుంచి 35 డిగ్రీల వేడిలో హాయిగా పెరుగుతుంది. విచ్చుకున్న గొడుగును కోసి, రేకుల వైపు కిందికి ఉండేలా తెల్లకాగితం మీద పెట్టి, గిన్నె బోర్లించి ఒక రాత్రి ఉంచండి. తెల్లారేసరికి కాగితం మీద గులాబీరంగు గీతలు పడతాయి. అవన్నీ సిద్ధబీజాలే. రేకుల మీది బెసిడియం అనే కణాల్లో రెండు కేంద్రకాలు కలిసి, మళ్లీ విభజన చెంది ఏర్పడినవి. ఇది లైంగిక ప్రత్యుత్పత్తి.

వర్గీకరణకూ మందుకూ సంబంధం

లైంగిక సిద్ధబీజాలు ఎక్కడ పుడతాయన్నది శిలీంధ్రాల వర్గీకరణకు చాలాకాలం పునాది. సంచిలాంటి ఆస్కస్‌లో, సాధారణంగా ఎనిమిది చొప్పున, పుడితే ఆస్కోమైకోటా. అగ్గితెగులు శిలీంధ్రం, కల్లు పులిసేలా చేసే ఈస్టు ఈ కోవలోవే. బెసిడియం మీద పుడితే బెసిడియోమైకోటా. పుట్టగొడుగులు, పాముపొడ ఇందులోకి వస్తాయి. రొట్టె మీది నల్లబూజు, 2021లో కోవిడ్ రోగులను వణికించిన బ్లాక్ ఫంగస్ మ్యూకోరోమైకోటాకు చెందినవి. వేళ్లలో చేరి మొక్కకు భాస్వరం అందించే మేలుకారులు గ్లోమరోమైకోటా. నీటిలో ఈదే సిద్ధబీజాలున్న కైట్రిడ్‌లు మరో విభాగం. ఇప్పుడు డీఎన్ఏ పరీక్షలు ఈ గీతలను సరిదిద్దుతున్నాయి. వరివెన్నుల మీద పసుపు, ఆకుపచ్చ ఉండలు కట్టే మానిపండు తెగులు శిలీంధ్రం చూపుకు కాటుక తెగుళ్ల జాతిలా ఉన్నా నిజానికి ఆస్కోమైకోటాకు చెందింది.

ఇదంతా పుస్తకాలకే పరిమితమైన చర్చ కాదు. పసుపులో దుంపకుళ్లు తెచ్చే పిథియంనే తీసుకోండి. దుగ్గిరాల చుట్టుపక్కల పసుపు రైతులకు దీని దెబ్బ తెలుసు. చూడటానికి బూజులాగే ఉన్నా ఇది నిజమైన శిలీంధ్రం కాదు. దాని కణకవచంలో ప్రధానంగా సెల్యులోజ్ ఉంటుంది. నీటిలో ఈదే బీజాలతో వ్యాపిస్తుంది. శిలీంధ్రాలను చంపే కార్బెండజిమ్ దీని మీద పనిచేయదు. దీన్ని అదుపుచేసే మెటలాక్సిల్ నిజమైన శిలీంధ్రాల మీద పనిచేయదు. జాతి తప్పుగా గుర్తిస్తే డబ్బూ పోతుంది, పంటా పోతుంది.

శాస్త్రజ్ఞులు ఇప్పటిదాకా పేరుపెట్టిన శిలీంధ్ర జాతులు సుమారు లక్షన్నర. మొత్తం 22 లక్షల నుంచి 38 లక్షల దాకా ఉండవచ్చని 2017 నాటి అంచనా. వాటన్నిటినీ రైతు గుర్తుపట్టనక్కర్లేదు. చేలో మచ్చ కనిపించిన రోజున అది ఆకు మీద ఉందా, నీటిమట్టం దగ్గర ఉందా, వెన్ను మీద ఉందా చూడండి. ఆ మొక్కను వేళ్లతో సహా తీసుకుని రైతు సేవా కేంద్రానికో, ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రానికో వెళ్లండి. ముందు తెగులు పేరు తెలుసుకుని, ఆ తరవాతే మందుల దుకాణానికి వెళ్లండి.