హాలోవీను సాయంకాలమును ఇంట జరుపుకొను విధము

గత అక్టోబరు మాసారంభమున ఏడవ తరగతి విద్యార్థి యొకడు నా యొద్దకు వచ్చి, “సారూ, అమెరికాలోనున్న మా చిన్నాయన పిల్లలు దయ్యముల వేషములు వేసికొని, ఇల్లిల్లు తిరిగి చాక్లెట్లు తెచ్చుకొందురట. ఫోనులో ఫోటోలు పంపిరి. మనమును అట్లు చేయవచ్చునా?” అని యడిగెను. మఱునాడు వాని తల్లి బడికి వచ్చి, “పిల్లవాడు మారాము చేయుచున్నాడు. దయ్యములతో ఆటలేమిటి సారూ?” అనెను. బాలుని ప్రశ్న న్యాయమైనది. తల్లి ప్రశ్న అంతకంటె న్యాయమైనది. రెంటికిని కలిపి ప్రత్యుత్తరము చెప్పుటకే యీ వ్యాసము.

పండుగ పుట్టుక

మొదట ఆ పేరును తెలిసికొందము. పాత ఆంగ్లమున ‘హాలో’ అనగా పరిశుద్ధుడు. ‘ఈన్’ అనగా పండుగకు ముందటి సాయంకాలము. నవంబరు 1వ తేది సకల పరిశుద్ధుల దినము. దాని ముందటి సాయంకాలము, అనగా అక్టోబరు 31, హాలోవీను. ఎనిమిదవ శతాబ్దమున మూడవ గ్రెగరీ పోపు రోమునందు సకల పరిశుద్ధుల పేర నొక ప్రార్థనాస్థలమును ప్రతిష్ఠించెను. నాల్గవ గ్రెగరీ కాలమున, 835 ప్రాంతమున, ఆ పండుగ ఫ్రాంకుల రాజ్యమంతట నవంబరు 1న ఆచరింపబడెను. నవంబరు 2 మృతులనందఱిని స్మరించు దినము. 1517లో మార్టిన్ లూథరు తన 95 సిద్ధాంతములను వెలువరించినదియు అక్టోబరు 31వ తేదినే యని మన పిల్లలు చరిత్ర పాఠమున చదివియుందురు.

ఇంతకంటె పూర్వము ఐర్లండు, స్కాట్లండు దేశముల కెల్టు జాతివారు ఇదే కాలమున ‘సావిన్’ అను పండుగ చేసెడివారు. పంటలు ఇల్లు చేరి, పశువులు బీళ్లనుండి మఱలి, దీర్ఘమైన శీతకాల రాత్రులు మొదలగు సంధికాలమది. ఆ రాత్రి ఆత్మలు సంచరించునని తలచి మంటలు వేసెడివారు. మధ్యయుగములలో ఇంగ్లండునందు బీదలును పిల్లలును ఇంటింటికి పోయి, ఆ యింట మరణించినవారి కొఱకు ప్రార్థింతుమని చెప్పి, ‘ఆత్మల రొట్టె’లను చిన్న తీపిరొట్టెలను పుచ్చుకొనెడివారు. నేటి పిల్లల చాక్లెట్లకు ఆ రొట్టెయే పూర్వరూపమని చెప్పవచ్చును.

ఐర్లండువారు టర్నిప్ దుంపలను తొలిచి అందు దీపములుంచిరి. 1845 మొదలు బంగాళాదుంప పంటకు తెగులు సోకి ఘోరమైన కఱవు రాగా, లక్షలాది జనులు అమెరికాకు వలస పోయి, అచ్చట దుంపకంటె పెద్దదియు సులువుగా తొలువదగినదియునగు గుమ్మడికాయను చేపట్టిరి. ఆ దీపమునకు ‘జాక్ ఓ లాంటర్న్’ అని పేరు. ఈ పేరు మొదట గుమ్మడికాయది కాదు. చిత్తడి నేలలపై రాత్రివేళ మినుకుమినుకుమను వెలుగును ఇంగ్లండులో అట్లు పిలిచిరి. మన పల్లెలలో దానినే కొరివిదయ్యమందురు. కుళ్లిన ఆకులలములనుండి వెలువడు వాయువులు వెలుగుటచే నది కలుగునని శాస్త్రజ్ఞుల యభిప్రాయము. చూచితిరా! లోకమంతయు వెఱచిన కొరివిదయ్యమును వారు కాయలో బంధించి గడపమీద కూర్చుండబెట్టిరి.

మన యాచారములు

ఇది మనకు బొత్తిగా క్రొత్త కాదు. తెలంగాణమునందు ఫాల్గుణ మాసమున కాముని పున్నమకు ముందు పిల్లలు కోలలు చేతబట్టి జాజిరి పాటలు పాడుచు ఇల్లిల్లు తిరిగి గింజలో పైసలో తెచ్చుకొందురు. కోస్తా జిల్లాలలో వీధిబడుల కాలమున దసరాకు అయ్యవార్లు పిల్లలచేత విల్లంబులు పట్టించి ఇంటింటికి కొనిపోగా, గృహస్థులు అయ్యవారికి కట్నమును పిల్లలకు పప్పుబెల్లములను ఇచ్చెడివారు. అచ్చటనే దీపావళి సందెవేళ గోగుకాడలకు గుడ్డవత్తులు కట్టి దివిటీలు కొట్టింతురు. అది పితరులకు త్రోవ చూపు వెలుగని పెద్దల మాట. క్రైస్తవ సంఘములలో పెక్కుచోట్ల నవంబరు 2న సమాధులను శుభ్రపఱచి పూలుంచి క్రొవ్వొత్తులు వెలిగింతురు. వేషములందుమా, పగటివేషగాండ్రను ఎఱుగని పల్లె యేది? వేషము, వెలుగు, ఇంటింటికి పోవుట, తినుబండారము – ఈ నాలుగును మనకును గలవు.

తల్లి భయము

అయినను ఆ తల్లి ప్రశ్న నిలిచియే యున్నది. డోంగ్లి 2022లో మండలమైనది. ఇటు తెలుగు, అటు మరాఠీ వినబడు సరిహద్దు సీమ యిది. ఈ కామారెడ్డి, మెదకు ప్రాంతములలో బాణామతి యను మాట యింకను పూర్తిగా మాసిపోలేదు. అమెరికా బాలికకు మంత్రగత్తె టోపీ యొక ఆటవస్తువు. మన పల్లెలో “ఆమె మంత్రములు చేయును” అను గుసగుస యొక వృద్ధురాలి ప్రాణముమీదికి రావచ్చును. అట్టి యనుమానముచే కొట్టబడినవారును చంపబడినవారును మన తెలంగాణమున గలరు.

నేను ఉద్యోగమున చేరిన తొలి దినములలో ఒక ఊర, బాలుడొకడు జాతరలో కొన్న దయ్యపు ముసుగు పెట్టుకొని తలుపుచాటున నిలిచి నాలుగేండ్ల చెల్లెలిని జడిపించెను. ఆ రాత్రియే బిడ్డకు జ్వరము వచ్చెను. గాలి సోకినదనిరి, పిదప, ఆ వాడకట్టులో ఒంటరిగా నున్న యొక ముసలమ్మ చూపు తగిలినదనిరి. మూడు దినములు ఆమె గడప యెవరును త్రొక్కలేదు. బోరింగు వద్ద ఆమె బిందెను తొలగించిరి. నాల్గవనాడు ఆసుపత్రిలో బిడ్డ నెత్తురు పరీక్షించి మలేరియా యని తేల్చి మందిచ్చిరి. బిడ్డ కోలుకొనెను. ముసలమ్మ మాత్రము మఱల ఆ బోరింగు వద్దకు రాలేదు. ముసుగు వేసినది నా తరగతి బాలుడే. ముసుగు వేయుటకు ముందు వానికి నేనేమియు నేర్పలేదు గదా యను బాధ నాకు నేటికిని కలదు.

కావున ఈ సాయంకాలమునకు నేను పెట్టు నియమ మొక్కటియే: పిల్లల భయము తగ్గవలెను గాని పెరుగకూడదు. ఈ నియమము తప్పకుండ ఎట్లు జరుపవలెనో యిక చెప్పెదను.

జరుపు విధము

కాలము: అక్టోబరు 31న మన ప్రాంతమున 5 గంటల 45 నిమిషములకు పొద్దు గూకును. ఆఱింట మొదలిడి ఎనిమిదింటికి ముగింపవలెను. ఎనిమిది పదిమంది పిల్లలు చాలుదురు. ఇరుగుపొరుగు తల్లిదండ్రులకు ముందుగనే సంగతి చెప్పి, వారి సమ్మతి పుచ్చుకొనవలెను.

దీపము: గుమ్మమునకు దిష్టికై కట్టు బూడిద గుమ్మడి గాక, కూరకు వాడు తియ్య గుమ్మడికాయను తేవలెను. అడుగు సమముగా నున్నది మేలు. తొడిమ చుట్టును మూతవలె కోసి, గింజలును గుజ్జును తీసి, ప్రక్కన కన్నులు, ముక్కు, నవ్వు నోరు బొగ్గుతో గీయవలెను. గీయుట పిల్లల పని. కత్తి పట్టుట పెద్దల పని. నోరు నవ్వుచుండవలెను, కోఱలు వలదు. గుజ్జుతో పులుసో హల్వాయో చేయవచ్చును. గింజలను కడిగి ఎండబెట్టి వేయించిన మంచి తినుబండారము. పారవేయునది తొక్క మాత్రమే. అదియు ఎడ్లు తినును. ఈ దినములలో ఇండ్లలో పత్తి కుప్పలు, సోయా పొట్టు, గడ్డివాములు ఉండును గనుక లోపల క్రొవ్వొత్తికి బదులు చిన్న బ్యాటరీ లైటు ఉంచుట క్షేమము.

వేషములు: డబ్బు వ్యయము చేయనక్కఱలేదు. గొంగడి కప్పుకొన్న గొల్లతాత, గోనెసంచి తొడిగిన దిష్టిబొమ్మ, తెల్ల ధోవతి కప్పుకొన్న కొంగ, అట్టముక్కల రెక్కల గబ్బిలము – ఇట్టివి మేలు. నూలు బట్టలే వాడవలెను. నైలాను బట్టకు నిప్పంటిన కరగి ఒంటికి అంటుకొనును. మంత్రగత్తె వేషము మాత్రము మన యింట వలదు. కారణము పైన చెప్పితిని.

ఆటలు: తొట్టిలో నీరు పోసి ఆపిలు పండ్లు వేసి, చేతులు వెనుకకు కట్టుకొని నోట పట్టుట ఆ దేశముల పాత యాట. ఆపిలు పండులో నాల్గవ వంతు గాలియే గనుక నీటిపై తేలును. ఒక్కొక్క బిడ్డకు నీరు మార్చవలెను. పెద్దవారొకరు ప్రక్కన నుండవలెను. మఱియొక యాటకు మన సకినములు తగియున్నవి. సకినమునకు దారము కట్టి వ్రేలాడదీసి, చేతులతో ముట్టక తినుమనవలెను. కఱచుటతోనే పెళుక్కున విరిగి క్రిందపడును. నవ్వులకు కొదువ యుండదు.

మంత్రగాని గుట్టు: ఈ సాయంకాలమునకు ఇది ప్రాణము. పసుపు నీటిలో కొంచెము సున్నపు తేట కలిపిన నెత్తురువలె ఎఱ్ఱనగును. అందు నిమ్మరసము పిండిన మఱల పసుపు వన్నెకు వచ్చును. ఎఱ్ఱ మందార రేకులను కత్తికి రుద్ది ఆఱనిచ్చి, దానితో నిమ్మకాయ కోసిన ఎఱ్ఱని రసము కాఱును. కపట మంత్రగాండ్రు “రక్తము చూడుడు” అని జనులను బెదిరించునది ఇట్టి ఉపాయములతోనే. 1988లో స్థాపితమైన జన విజ్ఞాన వేదిక వారు ఊరూర ఇట్టి గుట్టులను విప్పి చూపియున్నారు. సున్నము కంట పడకుండ పెద్దలే కలుపవలెను; కత్తియు వారిచేతనే యుండవలెను. కారణమును చెప్పు పని పిల్లలకు విడువుడు. తాను విప్పిన గుట్టుకు ఏ బిడ్డయు భయపడదు.

పంచిపెట్టుట: అమెరికాలో పిల్లలు 1950 మొదలుకొని ఈ పండుగనాడు చిన్న డబ్బాలతో ఇంటింటికి పోయి, ఐక్యరాజ్యసమితి బాలల నిధికై చిల్లర పోగుచేయుచున్నారు. మనము ఇంకొక యడుగు వేయుదము. ఇండ్లకు పోయి అడుగుటకు బదులు, నువ్వుల లడ్డులు, పల్లీపట్టి పొట్లములు కట్టి పిల్లలచేత ఇప్పింతము. మొదటి పొట్లము ఆ వాడలో ఒంటరిగా నున్న ముసలివారిది కావలెను.

ముగింపు

ఆ తల్లి ఒప్పుకొనెను. గత అక్టోబరు 31న వారి యింట తొమ్మండుగురు పిల్లలు చేరిరి. గొంగడి కప్పుకొన్న మా యేడవ తరగతివాడు, నవ్వు గుమ్మడికాయను చంకనిడుకొని, వీధి చివరనున్న యొక యవ్వ తలుపు తట్టెను. ఆమె సందేహముతో తలుపు కొంచెము తెఱచి, “ఏం పండుగ బిడ్డా యిది?” అని యడిగెను. వానికి హాలోవీనను పేరు ఆ క్షణమున తోచలేదు. “భయము పోయే పండుగ, అవ్వా” అనెను. అవ్వ నవ్వి, లోనికి పోయి, పెరటిలోని సీతాఫలములు తొమ్మిది తెచ్చి, ఒక్కొక్కరి చేత నొక్కొక్కటి పెట్టెను. వాని తల్లి నా ప్రక్కన నిలిచి చూచుచుండెను. మఱునాడు ఆమెయే ఆ యవ్వకు గుమ్మడి పులుసు పంపెనని విద్యార్థి నాతో చెప్పెను.

తల్లిదండ్రులారా, పరదేశపు పండుగ మన గడపకు వచ్చినప్పుడు తలుపు మూయనక్కఱలేదు. చెప్పులతో లోనికి రానీయనక్కఱయు లేదు. కాళ్లు కడుగుకొని రమ్మందము.